కుడిచేతి మీద నాలుగో చుక్క

ఇంటర్వెల్ అయిపోయి దీపాలు ఒక్కొక్కటే ఆరుతుంటే పద్మావతి తన ఎడమ మణికట్టుని చీరకొంగు కిందికి లాక్కుంది. ఎవరూ చూడటం లేదని తెలుసు, అయినా లాక్కుంది, ఎందుకంటే ఈ హాల్లో కూర్చున్న వాళ్ళంతా గంటన్నర నుంచి చూస్తున్నది చేతులనే. మొహం కనపడని హంతకుడి చేతులు, కత్తిపీట ముందు కూర్చుని చేపని కోసే చేతులు, ఒక చేప కోశాక ఒక మనిషి చస్తాడు, అదీ కథ. ‘ఎర్రగాలం’ రెండో భాగం. మొదటి భాగంలో ఆ చేతులు తనవి. రెండో భాగంలోనూ తనవేనని లోకం అంటోంది. తను మాత్రం ఈ సినిమాకి వేలు కూడా పెట్టలేదు. మరి ఇవి ఎవరి చేతులు, తన పేరు చెప్పుకొని ఎవరు కోస్తున్నారు? అది తేల్చుకోడానికే చేపల తట్ట ఆదిలక్ష్మమ్మకి అప్పజెప్పి, బీపీ మాత్రలకని ఇంట్లో అబద్ధం చెప్పి, జాలరిపేట నుంచి రెండు బస్సులు మారి గోపాలపట్నం దాకా మధ్యాహ్నం ఆటకి వచ్చింది. పేట మనుషులు ఇంత దూరం సినిమాకి రారు. రారనుకుంది. పొద్దున్నే చింతపండేసి చేతులు తోముకున్నా, పక్క సీట్లో కాలేజీ పిల్లలిద్దరూ పాప్‌కార్న్ పొట్లం అవతలి ఒళ్ళోకి మార్చుకున్నారు. వాసన పట్టేశారా, లేక ఊరికే మార్చుకున్నారా? ఈమధ్య తనకి అన్నీ ఇలాగే తోస్తున్నాయి, ఎవరు తుమ్మినా తన గురించే తుమ్మినట్టు.

తెర మీద వాన. హంతకుడు పసుపురంగు రెయిన్‌కోటులో నడుస్తున్నాడు, ఆ రెయిన్‌కోటు లోపల ఎంత ఉక్కో తనకి తెలుసు, మూడేళ్ళ కిందట ఒక రోజంతా అందులో ఉడికింది. ఉమామహేష్ అని ప్రొడక్షన్ మేనేజరు, కృష్ణా జిల్లా మనిషి, ముక్కుకి రుమాలు కట్టుకుని పేటలోకి వచ్చాడు. హంతకుడి వేషం వేసిన నటుడు చేప కడుపు చీల్చగానే కళ్ళు తిరిగి పడిపోయాడట, పెద్ద మనిషి, కండలు తిరిగినవాడు. అందుకని చేతులు వెతుక్కుంటూ వచ్చాడు. వరసగా కూర్చున్న ఆడవాళ్ళ ముందు వంగి నడుస్తూ, ‘మీ మొహాలతో నాకు పన్లేదమ్మా, చేతులు చూపించండి చాలు’ అన్నాడు. ఆదిలక్ష్మమ్మ ఊరుకుంటుందా, ‘ఓలమ్మా, సేతులు సాలంట! మరి ఈ మొకం ఎవలికి అమ్ముకోమంతావు బాబూ?’ అంది, పేటంతా నవ్వింది. ఉమామహేష్ నవ్వలేదు. తన చేతుల దగ్గర ఆగిపోయాడు. మగవాడి చేతుల్లా ఉన్నాయన్నాడు. అది మెచ్చుకోలో తిట్టో ఇప్పటికీ తేలలేదు. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే దాని మీద రంగు పూశారు, మూడు చుక్కలు, ముక్కాలిపీట కాళ్ళలాగా. రంగు పూసిన పిల్ల పని సరిగా చేసిందో లేదో తను చూసుకోలేదు. ఐసునీళ్ళు పడి ఒక్కచోట ఆ రంగు కరిగిపోయిందని, రెప్పపాటు సేపు మూడు చుక్కలూ తెర మీద కనిపించాయని దర్శకుడికీ తెలియదు. సినిమా చూసినవాళ్ళకి తెలిసింది. వాళ్ళకి ఏం పనో, ఆపి ఆపి చూస్తారట.

కూతురు ఇంద్రజ చూపించింది, పది రోజుల కిందట, అన్నాలయ్యాక, ఫోను తన మొహం మీద పెట్టి. చందు అని ఎవడో, గెడ్డం కుర్రాడు, ‘ఎర్రగాలం రెండులో మీరు గమనించని ఇరవై విషయాలు’ అంటూ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. హీరోయిన్ ఎక్కిన బస్సు నంబరు దర్శకుడు చదువుకున్నప్పటి హాస్టలు గది నంబరట. గోడ మీది క్యాలెండరులో చిరిగిన నెల మొదటి భాగంలో మొదటి చావు జరిగిన నెలట. పడవ పేరు దర్శకుడి అమ్మమ్మదట. ఏడో విషయం, చేతులు. పొరపాటున కనపడ్డ మూడు చుక్కలే రెండో భాగానికి కథ అయ్యాయట, హంతకుడు మగవాడు కాదు, చేపలు కోసే ఆడమనిషి అని జనం పందేలు కాస్తుంటే దర్శకుడు అదే నిజం చేశాడట. ‘అందుకే జాలరిపేట పద్మావతి గారినే మళ్ళీ పిలిపించారు ఫ్రెండ్స్. కానీ ఒక తప్పు! మొదటి భాగంలో చుక్కలు ఎడమ చేతికి, రెండో భాగంలో కుడి చేతికి! షాట్ తిరగేశారన్నమాట!’

ఇంద్రజ మూతి ముడుచుకుంది. ‘మళ్ళీ సినిమా సేసినావా అమ్మా? మాకొక్క ముక్క సెప్పలేదేటి?’

తను కంచాలు తీసుకుని తొట్టి దగ్గరికి పోయింది. మర్నాడు చేపలు అమ్మడం అయ్యాక రేవు గోడ పక్కన నిలబడి ఉమామహేష్‌కి ఫోన్ చేసింది. ‘బాబూ, రెండో భాగంలో సేతులు ఎవలివి?’ అంటే అతను నవ్వి, ‘అదేంటమ్మా, మీరే కదా వచ్చి చేశారు, మొదటిదాన్లో చేతులు నావేనండి అని మీ అంతట మీరే వచ్చారు కదా’ అన్నాడు. కోసిన పీత కాళ్ళలాగా తన వేళ్ళు ఊరికే కదిలాయి. ఆ మనిషి తన మొహం ఏనాడు చూశాడు గనక? వచ్చినప్పుడు రుమాలు చాటు నుంచి చేతులే చూశాడు, షూటింగు రోజు రెయిన్‌కోటు టోపీ కిందా చేతులే చూశాడు. అప్పట్నుంచి తనకి నిద్ర లేదు. ఆదిలక్ష్మమ్మ మీద అనుమానం వచ్చింది, రెండు సినిమాల మధ్యలో ఒకసారి నాలుగు రోజులు చెల్లెలింటికి పోతానని ఎక్కడికో పోయి వచ్చింది కదా. ఆవిడ మణికట్టు వంక రెండు రోజులు చూసింది. గాజులు తప్ప ఏమీ లేవు. ‘ఏటే అలగ సూత్తన్నావు, నా గాజులు గాని కాజేత్తావేటి?’ అంది ఆవిడ. సినిమావాళ్ళే ఎవరో పిల్లకి చుక్కలు గీసి ఉంటారనుకుంది. కానీ గీసేవాళ్ళు ఎడమకి గీయక కుడికి ఎందుకు గీస్తారు? తిరగేశారన్నాడు చందు. అవునేమో. కాదేమో. కుడిచెయ్యి. కుడిచెయ్యి అనే మాట దగ్గర ఆగిపోయి తన గుండె ఆ పది రోజులూ అక్కడే తచ్చాడింది, ఎందుకంటే లోకంలో ఆ మూడు చుక్కలు కుడి మణికట్టు మీద ఉన్న మనిషి ఒక్కతే ఉండేది. నూకాలు. అప్ప. తన తోడబుట్టిన అక్క, పదకొండేళ్ళ కిందట హుద్‌హుద్ తుఫాను నాడు సముద్రం మింగేసిందని అందరూ ఏడ్చి ఊరుకున్న అప్ప.

పచ్చబొట్టు పొడిచే ముసలమ్మ వచ్చినప్పుడు తనకి ఎనిమిది, అప్పకి పదకొండు. పారిపోతారని అమ్మ ఇద్దరి చేతులూ కలిపి వలతాడుతో కట్టేసింది, అప్ప కుడిచెయ్యి, తన ఎడమచెయ్యి. అప్పకి కుడి పక్కన తను, తనకి ఎడమ పక్కన అప్ప, ఎప్పుడు కూర్చున్నా అంతే, కోత దగ్గరా అంతే, కంచం దగ్గరా అంతే. ముసలమ్మ ముందు తనకి పొడిచింది, తర్వాత అప్పకి. అప్ప పళ్ళు బిగపట్టింది, అరవలేదు. ఆఖరి చుక్క అయిపోయి సూది పైకి లేస్తుండగా తను చెయ్యి గుంజింది, ఎందుకు గుంజిందో గుర్తు లేదు, ఈగ వాలిందో, రక్తం చూసి భయపడిందో. తాడు లాగేసింది, అప్ప చెయ్యి కదిలింది, సూది ఇంకోచోట దిగింది. మూడు చుక్కల కింద కాస్త దూరంగా నాలుగోది, దారి తప్పి పోయిన కోడిపిల్లలాగా. ‘ఇది నీదే, నా మీద పడింది’ అని వెక్కిరించేది అప్ప, పెద్దయ్యాక కూడా. అందుకే ఫోను చాలలేదు. ఫోనులో చెయ్యే గోరంత ఉంది, చుక్కలు మూడో నాలుగో ఏం తెలుస్తుంది. మూడే ఉంటే తన చేతులనే తిరగేశారన్నమాట, లేదా ఎవరో గీసుకున్నారన్నమాట. నాలుగు ఉంటే... నాలుగోదాని సంగతి ఈ లోకంలో ఎవరికి తెలుసు? పోయిన అమ్మకి, తనకి, అప్పకి. ఇంకొకడికి. ఆ చెయ్యి పట్టుకుని మూడుముళ్ళు వేసినవాడికి.

ఇప్పుడు తెర మీద మెరుపు మెరిసి హాలంతా తెల్లబడితే నాలుగు వరసల ముందు ఒక మెడ కనపడింది. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. కుడి చెవి తమ్మె చీలి ఉంది. ఎప్పుడో గాలం తగిలి చీలిన చెవి. మెరుపు ఆరిపోయింది. అప్ప మొగుడు, అబ్బులు బావ? ఇక్కడెందుకు ఉంటాడు, ఇంత దూరం ఎందుకు వస్తాడు? తను వచ్చింది కదా, వాడెందుకు రాకూడదు. తన చేతుల గురించి పేటలో సారాకొట్టు అరుగుల మీద కూడా చెప్పుకుంటున్నారు, మొన్న ఒకడు ‘నీ మరదలు మనుసుల్ని కోసేత్తంది రా’ అని వాణ్ణి ఏడిపించాడట. వాడూ ఆ వీడియో చూసి ఉంటాడు. వాడూ కుడిచెయ్యి అన్న మాట వినే ఉంటాడు. ఇంకో మెరుపు కోసం చూసింది. మెరవలేదు. సినిమాలో పిల్ల ఎవరో మెట్ల మీద పరిగెడుతోంది, హాల్లో అందరూ ఆ పిల్ల వెనక ఎవరు వస్తున్నారా అని చూస్తున్నారు, తను ఒక్కతే చీకట్లో తువ్వాలు గుడ్డని చూస్తోంది.

తుఫాను ముందురోజు సాయంత్రం అప్పతో దెబ్బలాడింది. అమ్మ కత్తిపీట కోసం. అది తనకి చెందాలని తను, పెద్దదాన్ని కనక నాదని అప్ప. నిజానికి పీట కోసం కాదు. అప్ప వీపు మీద కమిలిన గుర్తులు చూసి ‘ఆడిని వదిలీ, మా ఇంటికొచ్చీ’ అంటే, ‘ఒచ్చి నీ మొగుడి మీద పడి తినమంతావా, నా ఏడుపు నేనేడుత్తాను’ అంది, ఆ కోపం పీట మీదకి తిరిగింది. ‘నీ సెయ్యి నాకు తగలనీకు’ అనేసింది తను. అదే ఆఖరి మాట. తెల్లారేసరికి గాలి, రేకులు లేచిపోయాయి, పడవలు రోడ్డెక్కాయి, మూడు రోజులు మంచినీళ్ళకి కూడా దిక్కులేదు. అప్ప లేదు. ఒడ్డంతా వెతికారు, భీమిలి దాకా వెతికారు, శవం దొరకలేదు. అబ్బులు గుండెలు బాదుకున్నాడు, పదకొండో రోజు దినం పెట్టాడు, పేటంతా తిన్నది. తను తినలేదు. ఎందుకంటే వాళ్ళ గుడిసెలో కత్తిపీట లేదు. సముద్రం అప్పని తీసుకుపోయిందంటే నమ్మొచ్చు, రేకుల్నీ బిందెల్నీ తీసుకుపోయిందంటే నమ్మొచ్చు, కానీ కత్తిపీట, ఒక సంచీ, రెండు చీరలు, అప్ప ఆధార్ కార్డు, ఇవే ఏరుకుని తీసుకుపోయే సముద్రం ఎక్కడైనా ఉందా? ఆ అనుమానం ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెప్పలేదు. చెబితే వెతుకుతారు, వెతికితే దొరుకుతుంది, దొరికితే జుట్టు పట్టుకుని తెస్తాడు. చచ్చిన మనిషిని ఎవరూ ఈడ్చుకురారు. పదకొండేళ్ళు ఆ అనుమానాన్ని కొంగున ముడేసుకుని తిరిగింది. అప్పుడప్పుడూ ముడి విప్పి చూసుకుంటే భయం వేసేది, ఇన్నేళ్ళలో ఒక్క కబురైనా చెయ్యలేదంటే నిజంగానే పోయిందేమో, పీటని ఎవరో దొంగ ఎత్తుకుపోయాడేమో అని. ఆ రోజుల్లో మళ్ళీ ముడేసేసేది.

ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. చుక్కలు కనపడేది ఇక్కడేనని, దీన్ని తగరపువలస దగ్గర పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీలో తీశారని చందు చెప్పాడు. పొగలాంటి ఆవిరి, నీలం లైటు, సంగీతం ఆగిపోయింది. పక్క పిల్లలు ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకున్నారు. పద్మావతి ముందు సీటు అంచు పట్టుకుని ముందుకి వంగింది. కత్తిపీట. ముందు పీటని చూసింది, అమ్మ పీటకి ఎడమ మూల విరిగి ఉండేది, ఇది విరగలేదు, ఇది కొత్తది, సినిమావాళ్ళ పీట. చూశావా, ఏమీ లేదు, అంతా నీ పైత్యం అనుకుంది. అప్పుడు చేతులు వచ్చాయి, తెర పట్టనంత చేతులు, ఒక్కో వేలు తాటిదుంగంత. పెద్ద వంజరం. తల దగ్గర పట్టిన పట్టు. తను తల వైపు నుంచి కోస్తుంది. ఈ చేతులు తోకని ముందు కత్తికి ఆనించి, చేపని ఒకసారి ఊపి, బరువు చూసుకుని, అప్పుడు తల వైపు తిప్పాయి. తిరగేస్తే ఎడమ కుడి అవుతుంది గాని తోక తల అవుతుందా? చేతుల వెనక గోడ మీద పాత అక్షరాలున్నాయి, రంగు ఊడిపోయిన అక్షరాలు, తను ఏడో తరగతి చదివింది, కూడబలుక్కుంది. ‘ఐసు దిమ్మలు తాకరాదు’. సరిగ్గా ఉన్నాయి. అద్దంలో చూసినట్టు లేవు. తిరగెయ్యలేదు. కుడిచెయ్యి కుడిచెయ్యే. మణికట్టు మీదికి రక్తం పారింది, సినిమా రక్తం, మరీ ఎర్రగా ఉంది, ఒకటి, రెండు, మూడు, నీళ్ళు పోశారు, రక్తం జారింది, కింద, కాస్త దూరంగా, దారి తప్పిన కోడిపిల్ల.

నోట్లో కొంగు కుక్కుకుంది. లేకపోతే హాలంతా వినపడేది. చుట్టూ జనం నిజంగానే కేకలు పెడుతున్నారు, పిల్ల తలుపు దగ్గర ఇరుక్కుపోయింది కదా, ఆ కేకల్లో తన ఏడుపు కలిసిపోయేదే, అయినా కుక్కుకుంది, నాలుగు వరసల ముందు చీలిన చెవి ఉంది. చేతులు చేప కడుపు చీల్చాయి. లోపల జన, రెండు పాయలుగా, పసుపుపచ్చగా. దర్శకుడు ఏం చెయ్యమన్నాడో, ఆ చేతులు మాత్రం గుడ్లని చిట్లకుండా బొటనవేలితో ఎత్తి, కుడి పక్కన పెట్టి, మీద ఎండిన బాదం ఆకు ఒకటి కప్పాయి. కెమెరా కాసేపు ఆ ఆకు మీదే ఉండిపోయింది.

పక్క పిల్ల గుసగుసలాడింది. ‘చూశావా ఎగ్స్? ఫస్ట్ పార్ట్‌లో ప్రెగ్నెంట్ అమ్మాయిని చంపాడు కదా, దానికి రిఫరెన్స్. చందు చెప్పాడు, పద్నాలుగో పాయింట్. డైరెక్టర్ మామూలోడు కాదు.’

కాదమ్మా, దర్శకుడికేం తెలుసు. చందుకేం తెలుసు. చిన్నప్పుడు కోత అయ్యాక జన అమ్మేది కాదు అప్ప, అమ్మ చూడకుండా తన కుడి పక్కన, తను కూర్చునే పక్కన, బాదం ఆకు కింద దాచేది. ‘సెల్లికి’ అనేది, ఎవరికీ వినపడకుండా, పెదాలతో. రాత్రి ఉప్పూకారం రాసి నిప్పుల మీద కాల్చి పెట్టేది. రెండేళ్ళ కిందటో ఎప్పుడో అప్ప కూడా ఎక్కడో ఏ హాల్లోనో కూర్చుని మొదటి భాగం చూసి ఉంటుంది, ఐసునీళ్ళలో కరిగిన రంగు కింద మూడు చుక్కలు చూసి, ఇది చెల్లి చెయ్యి అనుకుని ఉంటుంది, కోత చూసి ఉంటుంది, తల వైపు నుంచి కోసే మొండిది అనుకుని ఉంటుంది. అందుకే వెళ్ళింది. ‘నేనే పద్మావతిని’ అంది. తన పేరు ఎలా చెబుతుంది, ఆ పేరుకి దినం అయిపోయింది కదా, ఆ పేరు చెబితే అబ్బులు వినడూ. దొంగతనం అనుకుంది తను ఈ పది రోజులూ, నా పేరు ఎత్తుకుపోయిన దొంగముండ ఎవరని తిట్టుకుంది. నీ సెయ్యి నాకు తగలనీకన్నందుకు నా చెయ్యే తొడుక్కుని వచ్చావా అప్పా. తగరపువలసలో ఉన్నావా, ఇంకెక్కడైనా ఉన్నావా, ఎవరి దగ్గర కోస్తున్నావు, చేపలేనా, నీ వీపు మీద ఇప్పుడు ఏమీ లేవు కదా.

పిల్ల బతికింది. పోలీసులొచ్చారు. రెయిన్‌కోటు ఖాళీగా నీళ్ళ మీద తేలింది, మూడో భాగానికి దారి ఉంచారని అందరూ ఈలలేశారు. పేర్లు మొదలయ్యాయి. తలుపులు తెరిచేశారు, ఎండ లోపలికి పడి తెర వెలిసిపోయింది, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చేశారు. ఆ వెలిసిపోయిన తెల్లదనంలో చీమల్లాంటి అక్షరాలు పైకి పాకుతుంటే ‘చేతులు: పద్మావతి’ అన్న రెండు మాటలు కనపడ్డాయి, కనపడగానే ఎవరో మిషను కట్టేశారు.

బస్టాపు దగ్గర వాడు ఎదురుచూస్తున్నాడు. తువ్వాలు ఇప్పుడు భుజం మీద ఉంది. అబ్బులు మొహం ఎండలో ముడతలు పడి, పగటిపూటే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

‘ఏటి సేత్తన్నావ్ ఇక్కడ? మాత్రలకని సెప్పినావంట.’

‘మాత్రలకే వచ్చినాను. నా సినిమా నాను సూసుకోకూడదేటి?’

‘నీ సినిమా.’ వాడు ఉమ్మాడు. ‘ఆ సేతులు ఎవలివి?’

‘నాయే బావా. ఇంకెవలివి? పేరేసినారు కదా.’ వాడికి అక్షరం ముక్క రాదు.

‘నీ సుక్కలు ఎడం సేతికి.’

‘సినిమావోళ్ళు బొమ్మ తిరగేత్తారు. సెల్లులో ఫొటో తీసుకుంటే ఎడం సెయ్యి కుడి అవదేటి? ఊరంతటికీ తెలుసు ఆ సంగతి.’

వాడు దగ్గరికొచ్చాడు. తను వెనక్కి జరగలేదు. కొంగు తీసి ఎడమ చెయ్యి తనంతట తానే చాచింది. వాడు వేలు పెట్టకుండా చూపుతోనే లెక్కపెట్టాడు, పెదాలు కదిలాయి.

‘నాలుగు కనపడ్డాయి నాకు.’

‘రగతం మరక. ఎంత రగతం పోసినారో సూళ్ళేదా, రెండు రోజులు ఒదల్లేదు.’

‘నా దాని సెయ్యిలాగే ఉంది పద్దా.’ వాడి గొంతు ఒక్క క్షణం మెత్తబడింది, ఆ మెత్తదనం చూసి తనకి ఇంకా భయం వేసింది, కొట్టిన మర్నాడు కూడా వాడి గొంతు ఇలాగే ఉండేది.

‘నీ దాని సెయ్యి సముద్రంలో ఉంది బావా’ అంది పద్మావతి. ‘దినం పెట్టింది నువ్వు. మమ్మల్నందర్నీ కూకోబెట్టి తినిపించినావు. మరిసిపోయినావేటి?’

వాడు తువ్వాలు దులుపుకుని రోడ్డు దాటాడు, అవతల పాన్‌షాపు నీడలో నిలబడి బీడీ వెలిగించుకున్నాడు, వెళ్ళలేదు. అప్పుడే తగరపువలస బస్సు వచ్చి ఆగింది, సరిగ్గా తన ముందు, తలుపు తన కాళ్ళ దగ్గర. ‘తగరపువలస, తగరపువలస, ఎక్కాలమ్మా ఎక్కాలి’ అని కండక్టరు తలుపు మీద కొట్టాడు. పద్మావతి అటు చూడకుండా, ఎడమ మణికట్టు మీద బొటనవేలు ఉంచుకుని, పాన్‌షాపు వైపే చూస్తూ నిలబడింది. వాడు కూడా చూస్తున్నాడు.

‘నాది పేట బస్సు బాబూ’ అంది గట్టిగా, రోడ్డు అవతలికి వినపడేలా.